గాలి చూసిన సుద్దముక్క

మా ఆయన పోయిన పదకొండు నెలల నాలుగు రోజులకు ఆయన డ్యూటీ సంచి విప్పాను. అంతకుముందు విప్పకపోవడానికి పెద్ద కారణం లేదు. అది అటక మీద ఉంది, నాకు మోకాళ్ళ నొప్పులు. ఖాకీ గుడ్డ సంచిలో ఒక తువ్వాల, తోలు బెల్టు, సబ్బు డబ్బా ఉన్నాయి. డబ్బాలో సబ్బు లేదు. రెండు అంగుళాలకు కొంచెం తక్కువ పొడవున్న సుద్దముక్క ఉంది. సంచి కదపగానే బీడీ వాసన వచ్చింది. పదేళ్ళుగా అటక మీద పడి ఉన్న గుడ్డలో అంత వాసన మిగలడానికి వీల్లేదని నాకు తెలుసు. అయినా వచ్చింది. సంచి కింద పెట్టి దొడ్లోకి వెళ్ళి మోచేతుల దాకా సబ్బు రాసి కడుక్కున్నాను. తుడుచుకున్నాక, ఎవరిని ఎత్తుకోవడానికి ఇంత శుభ్రంగా కడుక్కున్నానో తోచక కాసేపు అక్కడే నిలబడ్డాను. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు.

ఆయన పేరు రాజమల్లు. బొగ్గుగనిలో సర్దార్. కార్మికులు పనిలోకి దిగే ముందు తాను ముందుగా నడిచి, చేతిలోని దీపంతో గాలిలో గ్యాస్ ఉందో లేదో, పైకప్పు గట్టిగా ఉందో లేదో చూడాల్సిన మనిషి. చూసిన చోటల్లా సుద్దతో పేరులోని మొదటి అక్షరం, ఆనాటి తారీఖు రాసి రావాలి. ఆ గుర్తు లేని చోట ఎవరూ పని మొదలుపెట్టరు. గుర్తు పెట్టకుండా ఆయన ఒక్క రోజు కూడా పైకి రాలేదని, రిటైరైన నాడు తోటివాళ్ళు మైకులో చెప్పారు. గని పైన, లోపలికి దిగబోయే ప్రతి మనిషి జేబులూ తడిమి బీడీలు, అగ్గిపెట్టె ఉన్నాయేమో చూస్తారు. ఆ తడిమే అతను సర్దారును తడమడానికి మొహమాటపడితే, "నన్ను జూడకపోతే రేపు ఇంకొకన్ని జూడవు. చూడు" అని చేతులు రెండూ పైకెత్తి నిలబడేవాడట. అట్లా ఎనిమిది గంటలు లోపల ఒక్క బీడీ లేకుండా ఉండేవాడు. ఆ ఎనిమిది గంటల్లో తాగనివన్నీ ఇంటికి వచ్చి తాగేవాడు.

అప్పుడు మేం సెంటినరీ కాలనీలో, క్వార్టర్ల వరసలో చివరి నుంచి మూడో ఇంట్లో ఉండేవాళ్ళం. రెండు అర్రలు, వంటిల్లు, వెనక కొంచెం దొడ్డి. మా కూతురు రమ పోలీసు కానిస్టేబుల్‌గా ఎంపికై శిక్షణకు వెళ్ళాల్సి వచ్చింది. అల్లుడు లారీ మీద నెలకు ఇరవై రోజులు మహారాష్ట్ర దారుల్లోనే ఉండేవాడు. ఏడు నెలల కూతురు వెన్నెలను నా ఒడిలో పెట్టి, వెనక్కి చూడకుండా రమ బస్సెక్కింది. నేను ఒక ప్రైవేటు బడిలో ఇరవై ఎనిమిదేళ్ళు లెక్కలు చెప్పి, ఆ పిల్ల కోసమే ఉద్యోగం మానేశాను. హాజరుపట్టీ రాయడం అలవాటైన చెయ్యి ఊరుకోదు. గోడకు వేలాడే క్యాలెండరు మీద రాయడం మొదలుపెట్టాను. ప్రతి గడిలో కుడి మూల మా ఆయన షిఫ్టు: ఫస్టు షిఫ్టుకు ఒకటి, సెకండు షిఫ్టుకు రెండు, నైటు షిఫ్టుకు మూడు. ఎడమ మూల పిల్ల సంగతి: ఎన్నిసార్లు పాలు తాగింది, జ్వరం ఉందా, పన్ను వచ్చిందా. పిల్ల ఛాతీలో పిల్లికూతలు వచ్చిన రోజు ఎర్ర పెన్నుతో సున్న చుట్టేదాన్ని. మొదటి ఎర్ర సున్న, పిల్ల మా ఇంటికి వచ్చిన ఇరవై మూడో రోజున పడింది.

బీడీని నేను ఒక సంగతిగా ఎందుకు రాయలేదో ఇప్పుడు చెప్పాలి. నాకు అది ఇంటి వాసన. నా చిన్నతనంలో మా నాయిన పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నులకమంచం మీద కూర్చుని చుట్ట ముట్టించేవాడు. అవ్వ గంజి కుండ దించేది. ఆ వాసన వచ్చిందంటే నాయిన ఇంట్లో ఉన్నాడని, తలుపు వేసుకుని పడుకోవచ్చని అర్థం. చుట్ట పొగలోనే మేం నలుగురం నిద్రపోయేవాళ్ళం. నలుగురిలో చిన్నవాడు, మా తమ్ముడు, రెండేళ్ళు నిండకముందే దగ్గుతో పోయాడు. దగ్గుతో పోయాడని అందరూ అన్నారు, నేనూ అన్నాను. ఆ దగ్గు ఏ రోజుల్లో ఎక్కువైందో, ఏ రోజుల్లో తగ్గిందో చూడడానికి ఆ ఇంట్లో క్యాలెండరు లేదు.

వెన్నెల దగ్గుకు కారణం బొగ్గు దుమ్మేనని నేను అది మొదలైన వారంలోనే తేల్చేశాను. మా వైపు దుమ్ముకు కొదవ లేదు. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగితే గిన్నెలు గలగలమనేవి. లారీలు పోతే ఆరేసిన బట్టలు నల్లబడేవి. ఉదయం తుడిచిన కిటికీ మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయవచ్చు. అందుకని పిల్ల పడుకునే అర్ర కిటికీలు రెండూ మూసి, సందుల్లో పాత గుడ్డలు కుక్కి, తలుపుకు తడి చీర కట్టాను. నైటు షిఫ్టు వారం మా ఆయన పగలంతా ఆ అర్రలోనే పడుకునేవాడు. నిద్ర పట్టక ఒకటి, మెలకువ వస్తే ఒకటి, చాయకు ముందొకటి, తర్వాతొకటి. మనవరాలిని గుండెల మీద పడుకోబెట్టుకుని, పొగ దాని ముఖం మీదికి పోకుండా తల పక్కకు తిప్పి వదిలేవాడు. అదే పెద్ద జాగ్రత్త అనుకునేవాడు. నేనూ అనుకునేదాన్ని. గాలి పోయే దారులన్నీ వెతికి వెతికి మూసింది మాత్రం నేనే.

దుమ్ము తర్వాత నా అనుమానం పక్కింటి సత్తెమ్మ బొగ్గుల పొయ్యి మీద పడింది. సాయంత్రం కాగానే ఆమె పొయ్యిని వాకిట్లో పెట్టి పిడక, గ్యాసునూనె వేసి ముట్టించేది. బొగ్గు అంటుకునేదాకా వాకిలంతా పొగ. ఒకనాడు నల్లా దగ్గర అందరూ ఉండగా అడిగేశాను.

"సత్తెమ్మా, నీ పొయ్యి జర అవతలికి పెట్టుకో. నీ పొగకు మా పిల్లకు దమ్ము వస్తలేదు."

ఆమె బిందె దించి నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "నా పొగ మీ ఇంట్లకు ఎట్ల వస్తది పంతులమ్మా? కిటికీలన్ని నువ్వే మూసినవ్. ఉన్న జాగంత మీ సర్దార్ సాబు బీడీ పొగ పట్టుకోని కూసున్నది. అది జర జరిగితె గదా, మాది లోపలికి వచ్చేది!"

నల్లా దగ్గర ఆడవాళ్ళు పకపకా నవ్వారు. "నోరు మంచిగ పెట్టుకో" అన్నాను. "నా నోరుకేంది, మంచిగనే ఉన్నది. నీ ముక్కుకే ఏమో అయింది" అంది.

ఆనాటి గడిలో "సత్తెమ్మతో గొడవ" అని రాశాను. ఆమె అన్న మాట రాయలేదు. మర్నాటి నుంచి ఆమె పొయ్యిని వెనక దొడ్లోకి మార్చింది. వానాకాలమంతా ఒక చేత్తో రేకు పట్టుకుని, ఒక చేత్తో విసురుకుంటూ ముట్టించేది. ఎర్ర సున్నలు మాత్రం తగ్గలేదు.

పిల్లకు పదమూడో నెల నిండబోతుండగా ఒక పొద్దున పెదవులు నీలంగా కనిపించాయి. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతోంది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. మూతికి మాస్కు పెట్టి ఆవిరి మందు పట్టారు. పిల్ల తేరుకున్నాక చిన్న వయసు డాక్టరమ్మ కాగితం ముందు పెట్టుకుని అడిగింది: "ఇంట్ల ఎవరన్న బీడీ, సిగరెట్ తాగుతరా అమ్మా?"

మా ఆయన నా వెనకే చీటీలు పట్టుకుని నిలబడ్డాడు. వరండా నిండా ఆయన కింద పనిచేసేవాళ్ళు, వాళ్ళ భార్యలు ఉన్నారు. నేను అన్నాను: "ఈయన తాగుతడు మేడం. కాని బయటనే. ఇంట్ల తాగడు."

"బయట తాగినా సరే, వచ్చి వెంటనే పిల్లను ఎత్తుకోవద్దు. చేతులకు, బట్టలకు గూడ ఉంటది. ఇంట్ల అయితె అసలుకే వద్దు. కిటికీ తీసినా, ఫ్యాన్ పెట్టినా లాభం లేదు" అని చెప్పి, ఆమె కాగితం మీద ఏదో రాసుకుంది. నేను తలూపాను. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మా ఆయన నా వైపు చూడకుండా, "మంచిగ చెప్పినవ్" అన్నాడు.

ఆ అబద్ధానికి రెండు కారణాలు. ఒకటి, అంతమంది ముందు ఆయన పరువు. రెండోది రమ. శిక్షణ ఇంకా రెండు నెలలకు పైగా ఉంది. పిల్లకు ఇట్లా ఉందని, మా ఇంటి వల్లనే ఉందని తెలిస్తే అది మధ్యలో వదిలేసి వస్తుంది. వస్తే ఉద్యోగం పోతుంది. రాకపోతే పిల్లకు ఏమన్నా అయితే నన్ను జన్మలో క్షమించదు. కాబట్టి ఆదివారం ఫోనులో "మంచిగున్నది, పడిశం పట్టింది అంతే" అన్నాను. ఇరవై ఎనిమిదేళ్ళు పిల్లల చేత తప్పు లెక్క దిద్దించిన మనిషిని నేను.

తర్వాత పదో రోజున తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. గనులు ఆగిపోయాయి. మా వైపు లారీల చప్పుడు లేదు, బ్లాస్టింగు లేదు. గిన్నెలు కదలకుండా కూర్చున్నాయి. బస్సులూ ఆగాయి, రమ వచ్చే వీలు లేదు. నాలుగైదు రోజులకు కిటికీ మీద వేలు పెట్టి చూస్తే దుమ్ము అంటలేదు. ఆరేసిన తెల్ల చీర తెల్లగానే ఇంట్లోకి వచ్చింది. ఇక పిల్లకు నెమ్మదిస్తుందని ఎంత సంబరపడ్డానో. మా ఆయనతో, "రాష్ట్రం వచ్చినా రాకున్నా, పిల్లకైతే సమ్మె మంచిగ చేసింది" అన్నాను కూడా.

పిల్లకు నెమ్మదించలేదు. ఎక్కువైంది. అంతకుముందు వారానికి ఒకటో రెండో పడే ఎర్ర సున్నలు మూడు, నాలుగు అయ్యాయి. కాలనీలో బతుకమ్మ పాటలు వినిపిస్తుంటే నేను తలుపులు మూసి పిల్ల వీపు నిమురుతూ కూర్చున్నాను. ఛాతీలో ఆ కూత. గొంతులో కాదు, ఎక్కడో లోపల, మూసిన తలుపు అవతల పిల్లి ఉండిపోయినట్లు. సమ్మె ముప్పై ఒకటో రోజు పొద్దున, మా ఆయన సమ్మె టెంటుకు వెళ్ళాక, క్యాలెండరును గోడ నుంచి తీసి కింద పరిచి లెక్క చూద్దామనుకున్నాను. తీయగానే చెయ్యి ఆగిపోయింది. క్యాలెండరు ఉన్నంత మేర గోడ తెల్లగా ఉంది. చుట్టూ గోడంతా పాలు ఎక్కువైన చాయ రంగు. అది నల్లగా ఉంటే బొగ్గు అనుకునేదాన్ని. నల్లగా లేదు. వేలితో రుద్ది వాసన చూశాను. మా ఆయన చొక్కా వాసన. మా నాయిన మంచం వాసన.

ఏడు నెలల కాగితాలు నేల మీద వరసగా పరిచాను. ఎర్ర సున్నల పక్కన కుడి మూల ఉన్న అంకెలు మొదటిసారి చదివాను. మూడు, మూడు, మూడు. ఆయన పగలంతా అర్రలో పడుకున్న నైటు షిఫ్టు వారాల్లోనే సగానికి పైగా సున్నలు. ఆయన పెద్దవాళ్ళ కర్మకాండలకు సొంతూరు వెళ్ళిన వారం ఒక్కటీ లేదు. సమ్మెలో షిఫ్టు అంకె లేదు, ఆయన టెంటు నుంచి వచ్చి ఇంట్లోనే ఉన్నాడు. అన్నిటికంటే ఎక్కువ సున్నలు అక్కడే. అన్నీ నేను రాసినవే, నా చేతి రాతే. డాక్టరమ్మకు అబద్ధం చెప్పిన రోజు నుంచి ఆ పొద్దుటికి నలభై ఒక్క రోజులు. అందులో సున్నలు పదిహేడు. అంతకుముందువి తెలియక జరిగినవని అనుకోవచ్చు. ఆ పదిహేడు నావి.

మధ్యాహ్నం ఆయన వచ్చాడు. కాగితాల మీద కాలు పడబోతే ఆగి, "ఏందే ఇది, ఇల్లంత పరిచినవ్?" అన్నాడు.

"రిపోర్టు. సదువు."

ఆయన గొంతుక్కూర్చుని చదివాడు. రిపోర్టు చదవడం తెలిసిన మనిషి, నేను వివరించాల్సిన పని లేకపోయింది. మధ్యలో అలవాటుగా చెవి మీది బీడీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ముట్టించలేదు. చివరి కాగితం దాకా చూసి అన్నాడు: "మా అయ్య తాగలేదా? మీ నాయిన తాగలేదా? మనం బతకలేదా?"

"మా తమ్ముడు బతకలే" అన్నాను. ఆ మాట అంతవరకూ నాకే తెలియదు. నోట్లోంచి వచ్చాక తెలిసింది.

అక్కడితో నేను ఊరుకోలేదు. "నువ్వు గాలి చూసి సంతకం పెట్టే మనిషివి. మంది పాణం నీ సుద్దముక్క మీద ఉంటది. ఇగో, ఈ అర్రల గాలి చూసి చెప్పు. ఈ అర్రలకు మనిషిని దింపుతవా?"

ఆయన లేచి గోడ మీది తెల్ల మరక చూశాడు. గుడ్డలు కుక్కిన కిటికీలు చూశాడు. తలుపుకున్న తడి చీరను చేత్తో పట్టుకుని, "గాలి ఆడకుంట చేసినం గదనే" అన్నాడు మెల్లగా. తర్వాత నిద్రపోతున్న పిల్లను ఎత్తుకోబోయి ఆగాడు. చేతులు చూసుకున్నాడు. "నువ్వు ఎత్తుకో. గ్యాస్ దొరికితె ముందుగాల మనిషిని బయటికి తీయాలె. తక్కింది తర్వాత."

పిల్లను ఎత్తుకుని బయటికి వస్తే పోవడానికి సత్తెమ్మ ఇల్లే కనిపించింది. గడపలో నిలబడి, "జరసేపు పిల్లను పట్టు సత్తెమ్మా" అన్నాను. ఆమె చేతులు చాస్తూనే, "ఇన్నొద్దులకు నా ఇల్లు మంచిదైందా పంతులమ్మా?" అంది. "నీ మాట అప్పుడే ఇంటె అయిపోతుండె" అన్నాను. ఆమె ముఖంలో నవ్వు పోయింది. పిల్లను భుజాన వేసుకుని, "లోపలికి రా, కూసో" అంది.

ఆ రోజు నుంచి మా ఇల్లు గని అయింది. గేటు బయట కరెంటు స్తంభానికి ఒక డబ్బా కట్టాడు. బీడీలు, అగ్గిపెట్టె అందులోనే. తాగితే అక్కడి బండ మీదే కూర్చుని తాగాలి. తాగాక నోరు పుక్కిలించి, చేతులు, ముఖం కడిగి, చొక్కా బయటి తీగ మీద వేసి, ఇంకోటి తొడుక్కుని గడప దగ్గరికి రావాలి. వచ్చి చేతులు రెండూ పైకెత్తి నిలబడేవాడు. "చూడు." నేను జేబులు తడిమేదాన్ని. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత రాలేదు. లోపలికి వచ్చి అర్రంతా ఒకసారి తిరిగి, కిటికీలు తెరిచి ఉన్నాయో లేదో చూసి, పచ్చరంగు తలుపు మీద సుద్దతో "రా" అని, కింద తారీఖు రాసేవాడు. నిన్నటిది తుడిచి ఇవాళ్టిది. చుట్టాలు, యూనియన్ వాళ్ళు ఎవరొచ్చినా ఆ తలుపు చూపించి, "ఇది గ్యాస్ గని. బీడీ బయట" అనేవాడు.

ఆదివారం రమకు ఫోన్ చేసి అంతా చెప్పాను. దవాఖానలో నేను చెప్పిన మాట కూడా చెప్పాను. అవతల ఎంతసేపు మాట లేదంటే, ఫోన్ కట్ అయిందేమోనని చెవి నుంచి తీసి చూశాను. అంకెలు నడుస్తూనే ఉన్నాయి. "డాక్టరమ్మ అడిగినప్పుడే చెప్పుంటె అయిపోతుండె గదనే అమ్మా" అంది. మళ్ళీ కాసేపటికి, "బాపు తలుపు మీద రోజు రాస్తున్నడా?" అంది. రాస్తున్నాడన్నాను. శిక్షణ వదిలి రాలేదు. ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు కూడా. ఎత్తితే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

తర్వాతి నెలలో ఎర్ర సున్నలు ఐదు, ఆ పై నెలలో మూడు. చలికాలమైనా పెరగలేదు. పూర్తిగా పోవడానికి రెండేళ్ళు పట్టింది. రాష్ట్రం వచ్చిన నాడు కాలనీ అంతా పటాకులు కాలుస్తుంటే, నాలుగేళ్ళు నిండబోతున్న వెన్నెలను మా ఆయన భుజాల మీద కూర్చోబెట్టుకుని, వరసలో ఉన్న పిల్లలందర్నీ మైదానం అవతలి వైపుకు తోలుకుపోయాడు. "పొగ పోయే దిక్కు గాదు బిడ్డా, గాలి వచ్చే దిక్కు నిలబడాలె" అని ఒక్కొక్కరినీ రెక్క పట్టి నిలబెట్టాడు. అందరూ ఆకాశం చూశారు. నేను ఆయన్ని చూశాను.

ఆయన బీడీ మానలేదు. రెండుసార్లు మానబోయాడు, ఒకసారి పదహారు రోజులు, ఒకసారి నలభై. తర్వాత మళ్ళీ బండ మీదికే వెళ్ళాడు. వానలో నెత్తిన టార్పాలిన్ ముక్క కప్పుకుని, చలిలో గొంగడి కప్పుకుని అక్కడే. రిటైరయ్యాక గోదావరిఖనిలో ఈ ఇల్లు కట్టుకున్నాం. గేటు బయట ఇంకో బండ వేసుకున్నాడు. చివరి ఏడాది బొగ్గు దుమ్మూ బీడీ పొగా కలిసి ఆయన ఛాతీలో కూత పెట్టాయి. అదే కూత. నిద్రలో విని, పిల్ల కోసం లేచి కూర్చునేదాన్ని.

వెన్నెలకు ఇప్పుడు పదహారేళ్ళు. మంచిర్యాలలో ఇంటర్ చదువుతోంది, కబడ్డీ ఆడుతుంది. చలికాలం సంచిలో మందు పీల్చే గొట్టం పెట్టుకుంటుంది. మొన్న ఆదివారం వచ్చి, సుద్దముక్క చూసి, "ఇదెందుకు దాచినవ్ అమ్మమ్మా?" అంది. అంతా చెప్పాను, అబద్ధంతో సహా. అది నా చెయ్యి పట్టుకుని, "పదిహేడు రోజులే గదా" అంది.

"అప్పటికి నువ్వు పుట్టి నాలుగు వందల ముప్పై రోజులు. అందుల పదిహేడు. నా డెబ్బై ఏళ్ళ మీద లెక్క కడితె రెండేళ్ళ తొమ్మిది నెలలు. అంత కాలం ఒకరు నా ముక్కు మూస్తె నేను ఊకుంటనా?"

అది పాత క్యాలెండర్లు ముందేసుకుని, ఒక్కో నెలా తిరగేసింది. అన్ని గడులూ నిండుగా ఉన్నాయి. దాని పళ్ళు, దాని జ్వరాలు, దాని సున్నలు. చివరికి తలెత్తి అడిగింది: "మరి తాత బయట కూసున్న రోజుల లెక్క ఏడ రాసినవ్?"

ఎక్కడా రాయలేదు. ఒక్క గడిలో కూడా లేదు. ఆయన ఎన్ని వానల్లో తడిశాడో, చివరికి రోజుకు ఎన్ని తాగాడో, ఆ కూత ఏ రోజున మొదలైందో నా దగ్గర లేదు. మళ్ళీ ఆ రోజే వస్తే ఆయన్ని మళ్ళీ గేటు బయటికే పంపుతాను. నలభై ఒక్క రోజులు ముందు పంపుతాను. ఈ విషయంలో నాకు అనుమానం లేదు. కానీ కొన్ని తెల్లవారుజాముల్లో ఆ కూత వినిపిస్తుంది. మొదట పిల్లది అనుకుంటాను. పిల్లకు పదహారేళ్ళని, మంచిర్యాలలో ఉందని లెక్క చెప్పుకుంటాను. అప్పుడు ఎవరిదో తెలుస్తుంది. వాన పడుతుందేమో, గొంగడి కప్పుకున్నాడో లేదో అనుకుంటూ, తలుపు తీసి లోపలికి పిలుద్దామని లేస్తాను.